ప్యాచ్ నోట్స్‌లో లేని రూల్స్: ఆన్‌లైన్ ఆర్పీజీల్లో దాచిన లెక్కల భారం ఎవరి మీద పడుతోంది

1999 మార్చిలో ఎవర్‌క్వెస్ట్ అనే ఆన్‌లైన్ ఆర్పీజీ (క్యారెక్టర్‌ని పెంచుకుంటూ అందరితో కలిసి ఆడే గేమ్) వచ్చింది. కొన్నాళ్లు ఆడాక ప్లేయర్లకి ఏదో తేడాగా ఉందని అనిపించడం మొదలైంది, 29 దాకా ఒక పద్ధతిలో సాగిన గ్రైండ్ (లెవల్ పెరగడానికి అదే పనిగా మాన్‌స్టర్లని కొట్టడం) 30వ లెవల్‌కి వచ్చేసరికి ఆగిపోయినట్టయ్యేది, ఎన్ని మాబ్స్‌ని, అంటే మాన్‌స్టర్లని, కొట్టినా ఎక్స్‌పీ (ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు) బార్ కదిలేది కాదు, ఎలాగోలా 31లో పడితే మళ్లీ మామూలైపోయేది, మళ్లీ 35 దగ్గర అదే, 40 దగ్గర అదే, 45 దగ్గర అదే. పోనీ నంబర్ చూద్దామంటే గేమ్ చూపించదు, ఉన్నదల్లా నిండుతూ ఉండే ఒక బార్. దీని గురించి ఎక్కడా ఒక్క ముక్క రాసి లేదు. ప్లేయర్లే వీటికి హెల్ లెవల్స్ అని పేరు పెట్టుకుని, ఏ లెవల్‌లో ఎన్ని కిల్స్ పడుతున్నాయో ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటూ లెక్క లాగారు.

తీరా లెక్క బయటపడ్డాక చూస్తే అందులో కుట్రేం లేదు, ఫార్ములా రాసిన తీరే అంత. ఒక లెవల్ చేరడానికి మొత్తం ఎంత ఎక్స్‌పీ కావాలో తేల్చడానికి లెవల్ నంబర్‌ని ఘనం చేసి దాన్ని ఒక గుణకంతో హెచ్చిస్తారు, ఆ గుణకం 30 దాకా 1, అక్కడ్నుంచి 1.1, 35 దగ్గర ఇంకాస్త, అలా పోతది. మెలిక ఎక్కడుందంటే గుణకం పెరిగింది ముందు రాబోయే లెవల్స్‌కి మాత్రమే కాదు, మొదట్నుంచి పోగేసిన మొత్తానికి. వెనకున్న 30 లెవల్స్ మీద సర్దాల్సిన 10 శాతం పెంపు మొత్తం తెచ్చి ఒకే ఒక్క లెవల్ నెత్తిన వేశారన్నమాట, దాంతో ఆ లెవల్ పక్కనున్నవాటికి దాదాపు రెట్టింపు అయి కూర్చుంది.

పాతికేళ్లుగా ఆన్‌లైన్ ఆర్పీజీల్లో నడుస్తున్న గొడవకి ఇది మంచి మొదలు. సర్వర్లో ఒక రూల్ నడుస్తుంటది, ప్లేయర్ చదువుకునే టూల్‌టిప్‌లోనో, ఆఫీషియల్ గైడ్‌లోనో, ప్యాచ్ నోట్స్‌లోనో (అప్‌డేట్‌లో ఏం మారిందో కంపెనీ రాసే జాబితా) ఇంకోటి ఉంటది, లేదంటే అసలేం ఉండదు. అడిగితే గేమ్ చేసేవాళ్ల నుంచి ఎప్పుడూ వచ్చే జవాబు ఒకటే, అన్నీ చెప్పేస్తే ఇంకేం మజా ఉంటది, కనుక్కోవడమే కదా ఆట అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాకపోతే వేల మంది రోజూ ఒకే సర్వర్లో ఆడే గేమ్‌లో ఏ లెక్కా ఎక్కువ కాలం దాగదు, టైమ్ ఉన్నోళ్లు, ఓపిక ఉన్నోళ్లు, స్ప్రెడ్‌షీట్ తెరిచి కూర్చునేవాళ్లు ఎలాగూ లాగేస్తారు. అందుకే రూల్ దాచారు అంటే అందరి దగ్గరా దాచినట్టు కాదు, కొందరి దగ్గర మాత్రమే దాచినట్టు, ఆ కొందరూ ఎవరంటే కొత్తగా చేరినవాళ్లు, పని అయ్యాక రోజుకి గంట ఆడుకునేవాళ్లు, ఎక్కడ వెతకాలో తెలియనివాళ్లు. రహస్యం వల్ల వచ్చే నష్టం ఎప్పుడూ వాళ్లే కడతారు. ఏ గేమ్ విషయంలోనైనా ఏది దాచొచ్చు ఏది దాచకూడదు అని తేల్చాలంటే ఈ కోణంలోంచి చూడటమే సరైనది.

అదే 1999లో నవంబర్లో వచ్చిన ఆషెరాన్స్ కాల్ ఈ విషయంలో ఒక గని. అందులో మ్యాజిక్ నేర్చుకోవడం అంటే స్పెల్ కొనుక్కోవడం కాదు, మూలికలు, పొడులు, రకరకాల రంగుల కొవ్వొత్తులు సరైన వరసలో కలిపి చూసి పట్టుకోవాలి. పైగా ఆ కొవ్వొత్తుల రంగులు ఒక్కో అకౌంట్‌కి ఒక్కోలా ఉండేలా పెట్టారు, ఒకరి రెసిపీ ఇంకొకరికి పని చెయ్యదు, కాబట్టి ఎవరి పరిశోధన వాళ్లదే. ఇంకా పైన, ఒక స్పెల్‌ని ఎక్కువ మంది వాడేకొద్దీ దాని పవర్ తగ్గుతది, అందువల్ల తెలిసినవాళ్లు చెప్పకుండా దాచుకుంటారు అని టర్బైన్ కంపెనీ ఆలోచన. ఆలోచనగా చూస్తే అద్భుతం, మంత్రవిద్య అంటే నిజంగా రహస్యంగా ఉండే లోకం. కానీ ఆ రంగులు అకౌంట్ పేరు నుంచే ఒక లెక్క ప్రకారం పుడుతున్నాయని ప్లేయర్లు కనిపెట్టేశారు, స్ప్లిట్ పీ అని ఒక చిన్న ప్రోగ్రామ్ రాశారు, అందులో వివరాలు ఇస్తే మొత్తం రెసిపీలు వచ్చేస్తాయి. ఆ ప్రోగ్రామ్ గురించి తెలిసినవాడు సాయంత్రానికి మాంత్రికుడు, తెలియనివాడు వారాల తరబడి కొవ్వొత్తులు తగలేసుకుంటూ కూర్చుంటాడు. డిజైన్‌లో అనుకున్న మిస్టరీ ఎవరికీ దక్కలేదు, మిగిలింది ఆ తేడా ఒక్కటే.

ఆ గేమ్‌లోనే ఇంకో కథ ఉంది, ఇది ఇంకా ముఖ్యం. గుంపుగా వెళ్తే మాన్‌స్టర్లన్నీ ఎప్పుడూ ఒకే మనిషి మీద పడుతున్నాయని కొంతమంది ప్లేయర్లు మొత్తుకున్నారు. వీ అనే పేరున్న ఒక క్యారెక్టర్ వల్ల ఈ విషయం పాపులర్ అయింది, అందుకే దీన్ని వీ ఫ్లాగ్ అన్నారు. కంపెనీ వైపు నుంచి వచ్చిన జవాబు, అలాంటిదేం లేదు, టార్గెట్‌ని ర్యాండమ్‌గానే తీసుకుంటున్నాం, కోడ్ చూశాం అని. మిగతా ప్లేయర్లు కూడా అదంతా మూఢనమ్మకం అని కొట్టిపారేశారు. చాలా కాలం తర్వాత మళ్లీ కోడ్ తవ్వితే నిజంగానే దొరికింది, టార్గెట్ ఎంచుకునే లెక్కలో ఒక తప్పు ఉంది, క్యారెక్టర్ క్రియేట్ చేసినప్పుడు సర్వర్ ఇచ్చే ఐడీ నంబర్ ఆ లెక్కలోకి వచ్చి కూర్చుంటోంది, కొన్ని ఐడీలు ఉన్నవాళ్ల వైపు మాన్‌స్టర్లు మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువగా వెళ్తున్నాయి. టర్బైన్ అది బయటికి వివరంగా రాసి, సరిచేసింది.

ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. డెవలపర్లు తమ గేమ్ ఎలా పని చేస్తోందని నమ్మారో అదే రాశారు, గేమ్ మాత్రం ఇంకోలా పని చేస్తోంది. కాబట్టి ఆఫీషియల్ మాటే ఫైనల్ అనుకోవడం కుదరదు, డాక్యుమెంటేషన్ అనేది గేమ్‌ని తయారుచేసినవాళ్ల ఉద్దేశాన్ని చెప్తది, సర్వర్లో నిజంగా ఏం జరుగుతోందో కొలిచినోడికే తెలుస్తది. కొలిచే వీలు ప్లేయర్లకి ఉంటే కంపెనీకి తెలియని బగ్స్ కూడా బయటికొస్తాయి, లేకపోతే మొత్తుకున్నవాడు పిచ్చోడైపోతాడు.

కొలిచే వీలు ఇచ్చిన గేమ్‌గా వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ని చెప్పుకోవాలి. 2004 నవంబర్లో వచ్చినప్పుడు అందులో ఫార్ములాలు రాసిచ్చింది చాలా తక్కువ, కానీ ఫైట్‌లో జరిగిన ప్రతి దెబ్బనీ టెక్స్ట్ ఫైల్‌లోకి రాసుకునే కంబాట్ లాగ్ ఉంది, ఎవరైనా యాడాన్లు (గేమ్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లు) రాసుకునే వీలుంది. అంతే, ప్లేయర్లు లక్షల లైన్ల లాగ్స్ పోగేసి గేమ్‌ని విప్పేశారు. తమ కంటే 3 లెవల్స్ పైనున్న బాస్ మీద దెబ్బ మిస్ కాకుండా ఉండాలంటే హిట్ ఎంత శాతం కావాలి, స్పెల్ క్యాస్ట్ టైమ్‌ని 3.5తో భాగిస్తే ఆ స్పెల్‌కి గేర్ (ఆయుధాలు, కవచాలు) నుంచి ఎంత పవర్ ఎక్కుతుందో ఎలా వస్తది, ఇవన్నీ అలా వచ్చినవే. మానా (స్పెల్స్‌కి ఖర్చయ్యే శక్తి) ఖర్చు పెట్టాక 5 సెకన్ల పాటు స్పిరిట్ అనే స్టాట్ వల్ల వచ్చే మానా ఆగిపోతుందన్న రూల్ కూడా అంతే, హీలర్ ఆడేవాళ్ల ఆటతీరునే మార్చేసిన రూల్ అది. ఎలిటిస్ట్ జెర్క్స్ అనే గిల్డ్ (కలిసి ఆడే ప్లేయర్ల జట్టు) వాళ్ల సైట్ ఈ లెక్కలకి అడ్డాగా ఉండేది, రైడింగ్ (పెద్ద బాస్‌ల మీదికి గుంపుగా వెళ్లడం) సీరియస్‌గా చేసేవాళ్లు ముందు అక్కడ చదివి తర్వాతే గేమ్‌లోకి వెళ్లేవాళ్లు.

ఈ గేమ్‌లో రెస్టెడ్ ఎక్స్‌పీ కథ తెలిసే ఉంటది చాలామందికి. బీటాలో, అంటే విడుదలకి ముందు టెస్ట్‌లో, ఎక్కువ సేపు ఆడితే ఎక్స్‌పీ సగానికి పడిపోయేలా పెట్టారు, జనం తిట్టిపోశారు. దాంతో ఆ గేమ్ కంపెనీ బ్లిజార్డ్ వాళ్లు నంబర్లు దాదాపు అలాగే ఉంచి పేర్లు తిప్పేశారు, మొదట్లో వచ్చేది బోనస్‌తో కలిపి 200 శాతం, ఆ తర్వాత వచ్చేది మామూలు 100 శాతం. అంతే, అందరూ హ్యాపీ. చాలామంది దీన్ని డిజైన్ తెలివికి ఉదాహరణగా చెప్తారు, అది నిజమే, అయితే దీంట్లో ఇంకో విషయం గమనించాలి, ఇక్కడ దాచింది ఏమీ లేదు, బార్ రంగు మారుతది, ఎంత బోనస్ మిగిలిందో కనిపిస్తది. ఒకే నిజాన్ని ఎటువైపు నుంచి చూపించాలి అన్నది డిజైనర్ ఇష్టం, అది మోసం కాదు.

అదే గేమ్‌లో 2017 మార్చిలో లీజన్ 7.2 ప్యాచ్‌తో (అప్‌డేట్‌తో) జరిగింది మాత్రం వేరే సంగతి. ప్యాచ్ వచ్చిన కొద్ది గంటల్లోనే ప్లేయర్లకి అనుమానం వచ్చింది, గేర్ బాగున్న క్యారెక్టర్‌తో వెళ్తే బయట తిరిగే మామూలు మాన్‌స్టర్లు గట్టిపడిపోతున్నాయి. టెస్ట్ చేసి చూస్తే నిజమే, ప్లేయర్ ఐటమ్ లెవల్ (గేర్ ఎంత బలమైనదో చెప్పే అంకె) పెరిగేకొద్దీ మాన్‌స్టర్ హెల్త్ కూడా పెరుగుతోంది. కొంతమంది గేర్ విప్పేసి కొడితే త్వరగా చస్తున్నాయని చూపించారు. ఆర్పీజీ అంటేనే కష్టపడి గేర్ సంపాదిస్తే బలం పెరగడం, ఆ మూలసూత్రానికే తగిలే మార్పు ఇది, ప్యాచ్ నోట్స్‌లో మాత్రం ఒక్క లైన్ లేదు. గేమ్ డైరెక్టర్ అయాన్ హజికోస్టాస్ బయటికొచ్చి వివరణ రాసుకోవాల్సి వచ్చింది, లెక్కని తగ్గించాల్సి వచ్చింది. బ్లిజార్డ్‌లో చేరక ముందు ఆయనే ఎలిటిస్ట్ జెర్క్స్ గిల్డ్‌ని నడిపిన మనిషి, దాచిన లెక్కలన్నీ ప్లేయర్లు లాగేస్తారని ఆయన కంటే బాగా తెలిసినవాళ్లు ఉండరు, అయినా ఆయన టీమ్ నుంచే ఇది రావడం చూస్తే ఆఫీసు లోపల్నుంచి చూసినప్పుడు ఇలాంటి నిర్ణయం ఎంత మామూలుగా కనిపిస్తుందో అర్థమవుతది. ఇలా ప్లేయర్ని బట్టి మాన్‌స్టర్ బలం మార్చడం, అంటే స్కేలింగ్, మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, ముందే చెప్పి ఉంటే గొడవ ఆ మార్పు మీద జరిగేది, చెప్పకపోవడం వల్ల నమ్మకం మీద జరిగింది. ఆ తర్వాత ఏ ప్యాచ్ వచ్చినా ఇంకా ఏం దాచారో అని వెతకడం జనానికి అలవాటైపోయింది.

2022 ఆగస్టులో పాత్ ఆఫ్ ఎగ్జైల్ అనే గేమ్ లేక్ ఆఫ్ కలాండ్రా లీగ్‌లోనూ (లీగ్ అంటే కొన్ని నెలలకోసారి కొత్తగా మొదలయ్యే సీజన్) దాదాపు ఇదే జరిగింది. న్యూజిలాండ్‌లోని గ్రైండింగ్ గేర్ గేమ్స్ మామూలుగా ప్యాచ్ నోట్స్ పేజీలకి పేజీలు రాసే కంపెనీ. పాత లీగ్స్ కంటెంట్‌కి అతుక్కుని వస్తున్న లూట్ (మాన్‌స్టర్లు చచ్చాక దొరికే సామాను) బోనస్‌లు ఆ ప్యాచ్‌లో పోయాయి, చేతికొచ్చే లూట్ ఎంతలా పడిపోతుందో మాత్రం ఆ నోట్స్ చదివినవాళ్లకి తెలిసేలా లేదు. అంతంత నోట్స్ రాసి కూడా ప్లేయర్ అడిగే ఒక్క ప్రశ్నకి, నా మీద ఏం ప్రభావం పడుతుంది అన్నదానికి, జవాబు లేకపోతే ఆ పొడుగంతా దేనికి.

రాగ్నరోక్ ఆన్‌లైన్ సంగతి మన దగ్గర చాలామందికి తెలుసు, 2002లో కొరియాలో గ్రావిటీ కంపెనీ తెచ్చిన ఈ గేమ్‌కి 2000ల్లో లెవల్ అప్ అనే కంపెనీ ద్వారా ఇండియా సర్వర్ కూడా నడిచింది. ఈ గేమ్‌లో లోపలి లెక్కలు బయటికొచ్చిన దారి వేరు. ప్లేయర్లు సర్వర్‌నే తిరిగి రాసేశారు. ఎథీనా, ఈఎథీనా, ఆర్‌ఎథీనా అంటూ ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్లు వచ్చాయి, వాటి మీద వేల ప్రైవేట్ సర్వర్లు నడిచాయి, ఎమ్యులేటర్ రాయాలంటే ప్రతి ఫార్ములా తెలియాలి కాబట్టి ఒరిజినల్ గేమ్‌ని కొలిచి కొలిచి కోడ్‌లో పెట్టారు. అలా గేమ్ చెప్పనివి బోలెడు బయటపడ్డాయి. బాకుతో పెద్ద సైజ్ మాన్‌స్టర్‌ని కొడితే ఆయుధం డ్యామేజ్ సగమే, మీడియం సైజ్ అయితే 75 శాతం. ఫ్లీ (దెబ్బ తప్పించుకునే స్టాట్) మీద ఆధారపడే క్యారెక్టర్ చుట్టూ ఇద్దరి కంటే ఎక్కువ మాన్‌స్టర్లు చేరితే అదనంగా చేరిన ఒక్కోదానికీ ఫ్లీ 10 శాతం చొప్పున పడిపోతది. డెక్స్ అనే స్టాట్ 150కి చేరితే పాత వెర్షన్‌లో క్యాస్ట్ టైమ్ సున్నా. ఇవి తెలియకుండా స్టాట్స్ వేసేవాడు నెలల కష్టం పోసి పనికిరాని క్యారెక్టర్ తయారుచేసుకుంటాడు, అప్పట్లో స్టాట్స్ రీసెట్ అనేది చేతికందే పని కాదు.

ఇక కార్డ్స్, అంటే మాన్‌స్టర్ల నుంచి అరుదుగా పడే, గేర్‌లో పెట్టుకునే ఐటమ్స్. చాలా కార్డులకి డ్రాప్ రేట్ 0.01 శాతం, పదివేలకి ఒకటి. ఆర్‌ఎథీనా ఫైల్స్‌లో డ్రాప్ రేట్లు పదివేల లెక్కన రాస్తారు, 10000 అంటే ఖాయంగా పడుద్ది, 1 అంటే 0.01 శాతం, అంటే కార్డు పక్కన రాసి ఉండేది ఆ పట్టికలో సున్నా తర్వాత రాయగలిగిన అతి చిన్న అంకె. ఈ నంబర్ తెలిస్తే వెంటనే ఇంకో లెక్క చేసుకోవచ్చు, పదివేల మాన్‌స్టర్లని కొట్టినా కార్డు పడకుండా ఉండే అవకాశం దాదాపు 37 శాతం. పదివేలు కొట్టేశాను కాబట్టి ఇంక పడాలి అనుకునేవాడికి ఈ 37 శాతం తెలియడం చాలా అవసరం, ఎందుకంటే వాడు పెడుతున్నది రాత్రుళ్లు, సెలవులు. డ్రాప్ రేట్ చెప్తే గేమ్ పాడవుతుందని వాదించేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి, నంబర్ తెలిసినంత మాత్రాన కార్డు దొరికిన ఆనందం ఏమీ తగ్గలేదు, రాగ్నరోక్ ఆడినవాళ్లు ఇప్పటికీ ఆ మెరుపు గురించే మాట్లాడుకుంటారు.

అలాగని అన్నీ రాసిపెట్టాలని కాదు. బాస్ ఎలా ఆడుతదో, పజిల్ ఎలా విప్పాలో, దాచిన క్వెస్ట్ ఎక్కడుందో ఇవన్నీ కనుక్కోవడానికే పెట్టినవి, ముందే చెప్పేస్తే నిజంగానే ఏం మిగలదు. కానీ అక్కడ కూడా హద్దు ఉంది. ఫైనల్ ఫాంటసీ 11లో యాబ్సల్యూట్ వర్చ్యూ అనే బాస్‌ని ఓడించే పద్ధతి ఏంటో స్క్వేర్ ఎనిక్స్ ఏళ్ల తరబడి చెప్పలేదు, ప్లేయర్లు వాళ్లంతట వాళ్లు ఒక దారి కనిపెడితే అది మేం అనుకున్న దారి కాదని మూసేసేవాళ్లు. అదే గేమ్‌లో 2008లో పాండెమోనియం వార్డెన్ అనే బాస్‌తో ఒక గిల్డ్ 18 గంటలు పోరాడి, ఒంట్లో బాగోలేక వాంతులు చేసుకునే దాకా వచ్చి, ఓడించలేక వదిలేసింది, ఆ తర్వాత ఆ బాస్ 2 గంటల్లో మాయమయ్యేలా మార్చారు. కనుక్కోమని దాచిన రహస్యానికి ఆధారాలు గేమ్‌లోనే ఎక్కడో ఒకచోట ఉండాలి, ఆధారం లేని రహస్యం కోసం మనుషులు ఒళ్లు హూనం చేసుకోవడం తప్ప ఫలితం ఉండదు.

దీనికి పూర్తిగా ఎదురు కొసలో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ ఉంది. ఆ సర్వర్ 0.6 సెకన్లకి ఒకసారి మాత్రమే లోకాన్ని అప్‌డేట్ చేస్తది, దాన్ని టిక్ అంటారు. అది ఒట్టి ఇంజిన్ సంగతి, ప్లేయర్‌కి చెప్పాలని ఎవరూ అనుకోలేదు. ప్లేయర్లు మాత్రం ఆ టిక్‌ని పట్టుకుని, ప్రేయర్‌ని (పాయింట్లు ఖర్చు పెట్టి కాసేపు వాడే శక్తి) సరిగ్గా టిక్ దగ్గర ఆన్ చేసి ఆఫ్ చేస్తే పాయింట్లు ఖర్చవ్వవని కనిపెట్టారు, చేపలు పట్టడం లాంటి పనుల్ని 3 టిక్స్‌కి కుదించే చిట్కాలు కనిపెట్టారు. గేమ్ కంపెనీ జాజెక్స్ వాళ్లు దీన్ని బగ్ అని మూసేయకుండా ఆటలో భాగంగా ఒప్పుకున్నారు, కొత్త బాస్‌ల గురించి ఇప్పుడు డెవలపర్లే టిక్స్‌లో మాట్లాడతారు. డ్రాప్ రేట్ల విషయంలో కూడా మాడ్ యాష్ అనే డెవలపర్‌ని ట్విట్టర్‌లో అడిగితే నంబర్ చెప్పేసేవాడు, ప్లేయర్లు అది తీసుకెళ్లి వికీలో ఎక్కించేవాళ్లు. ఆ వికీ 2018లో ఫ్యాండమ్ అనే వికీ సైట్ నుంచి బయటికొచ్చి జాజెక్స్ సపోర్ట్‌తోనే సొంతంగా నడుస్తోంది, గేమ్ లోపల్నుంచే నేరుగా వికీ వెతుక్కోవచ్చు. కంపెనీ సొంతంగా మాన్యువల్ రాయాల్సిన పని లేదు, రాసేవాళ్లకి నిజం చెప్తే చాలు అని ఇది చూపిస్తోంది. ఇంత మంచి ఏర్పాటు పెద్ద ఆర్పీజీల్లో అరుదు.

ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ టైమ్ పోయే రహస్యాలు. డబ్బు పోయే రహస్యాల దగ్గరికొస్తే మాత్రం మజా, మిస్టరీ లాంటి మాటలకి చోటే లేదు, దీనికి కొరియాలో మేపుల్‌స్టోరీ కేసు చూస్తే సరిపోతది.

మేపుల్‌స్టోరీలో క్యూబ్ అని ఒక ఐటమ్ ఉంది, డబ్బు పెట్టి కొని గేర్ మీద వాడితే దాని ఆప్షన్లు కొత్తగా మారతాయి, మంచివి పడే దాకా కొంటూనే ఉంటారు. 2010 మేలో ఇది వచ్చింది. మొదట్లో ఆప్షన్లన్నీ సమానంగా పడేవి. అదే ఏడాది సెప్టెంబర్‌లో నెక్సాన్ కంపెనీ జనానికి కావాల్సిన ఆప్షన్లు తక్కువగా, అక్కర్లేనివి ఎక్కువగా పడేలా మార్చింది, చెప్పలేదు. 2011 ఆగస్టులో ఇంకో అడుగు వేసి, బాస్ డ్యామేజ్ లాంటి బాగా డిమాండ్ ఉన్న ఆప్షన్లు ఒకే గేర్ మీద మూడు లైన్లూ పడకుండా చేసింది, అంటే అందరూ వెంటపడుతున్న ఆ కాంబినేషన్ వచ్చే అవకాశం సున్నా. తక్కువ కాదు, సున్నా. పైగా క్యూబ్ ఫంక్షన్‌లో ఏ మార్పూ లేదు, ఎప్పట్లాగే ఉంది అని ప్రకటన కూడా ఇచ్చింది. 2013లో వచ్చిన బ్లాక్ క్యూబ్‌తో గేర్ పై గ్రేడ్‌కి వెళ్లే అవకాశం మొదట 1.8 శాతం, ఆ ఏడాది చివరికి దాన్ని మెల్లగా 1.4కి దించారు, 2016 జనవరిలో 1.0 చేశారు, అదీ చెప్పలేదు. తూకం రాయి మార్చి పాత రేటుకే అమ్మిన షాపువాడిని ఏమంటామో దీన్నీ అదే అనాలి.

ఇది బయటపడ్డ తీరు చూడండి. 2021 ఫిబ్రవరిలో వేరే ఐటమ్ గురించి టెస్ట్ సర్వర్ నోట్స్‌లో ఒక లైన్ వచ్చింది, అదనపు ఆప్షన్లన్నీ ఇకనుంచి సమాన అవకాశంతో పడేలా సరిచేశాం అని. ఇకనుంచి సమానం అంటే ఇప్పటిదాకా సమానం కాదా అని జనం పట్టుకున్నారు. ఒక్క లైన్ చాలు, అన్నేళ్ల అనుమానం కట్టలు తెంచుకుంది, ఎల్ఈడీ బోర్డులు పెట్టిన ట్రక్కులు తిప్పి నిరసన చేశారు, చాలామంది మూటాముల్లె సర్దుకుని లాస్ట్ ఆర్క్ అనే వేరే గేమ్‌కి వెళ్లిపోయారు. మార్చిలో నెక్సాన్ క్యూబ్ లెక్కలు బయటపెట్టక తప్పలేదు, ఆ సున్నా అప్పుడే అధికారికంగా తేలింది. అప్పటికి దాదాపు పదేళ్లు. పదేళ్ల పాటు లేనిదాని కోసం జనం డబ్బు పోశారు.

2024 జనవరి 3న కొరియా ఫెయిర్ ట్రేడ్ కమిషన్ నెక్సాన్‌కి 1,164 కోట్ల వాన్ జరిమానా వేసింది. ఆ ఏడాది సెప్టెంబర్లో కన్స్యూమర్ ఏజెన్సీ మధ్యవర్తిత్వంతో దాదాపు 8 లక్షల మంది ప్లేయర్లకి 2,190 కోట్ల వాన్ విలువైన పరిహారం ఖరారైంది, గేమ్‌లో వాడుకునే నెక్సాన్ క్యాష్ రూపంలో. నవంబర్లో ఒక ప్లేయర్ వేసిన కేసులో సుప్రీంకోర్టు కూడా, అతను క్యూబ్స్ మీద పెట్టిన డబ్బులో 5 శాతం వెనక్కి ఇవ్వాలన్న కింది కోర్టు తీర్పునే నిలబెట్టింది. 5 శాతం చాలా తక్కువే, ఆ మనిషి పోరాడిన దానికి అది న్యాయం అనిపించదు, కాకపోతే అవకాశాల గురించి దాచడం ఒప్పందంలో మోసం కిందికి వస్తుందని దేశంలోని పెద్ద కోర్టు దాకా వెళ్లి తేలడం అనేది మామూలు సంగతి కాదు.

ఈ గొడవ ఫలితంగానే 2024 మార్చి 22 నుంచి కొరియాలో డబ్బు పెట్టి కొనే అదృష్టం ఐటమ్స్ అవకాశాలన్నీ ప్రకటించడం చట్టం ప్రకారం తప్పనిసరి అయింది. చైనాలో 2017 మే నుంచే ఇలాంటి నిబంధన ఉంది, యాపిల్ కూడా 2017 డిసెంబర్లో యాప్ స్టోర్ రూల్స్‌లో పెట్టింది. కొరియా చట్టం అమల్లోకి రావడానికి సరిగ్గా ముందు ఏమైందంటే గ్రావిటీ కంపెనీ రాగ్నరోక్‌లో తను అప్పటికే ప్రకటించిన అవకాశాలు, సర్వర్లో నడుస్తున్నవి వందకి పైగా ఐటమ్స్‌లో కలవట్లేదని నోటీసు పెట్టుకుంది, కొన్నిట్లో 0.8 శాతం అని రాసి ఉంటే అసలుది 0.1. ఎనిమిది రెట్లు తేడా. కావాలని చేశారా, పట్టికలు సరిచూసుకోలేదా అన్నది పక్కన పెడితే, కొనేవాడికి రెండూ ఒకటే. చట్టం లేకపోయి ఉంటే ఆ పట్టికల్ని ఎవరూ తెరిచి చూసేవాళ్లు కాదు. అందుకే రాయండి అని చెప్పడం ఒక్కటే సరిపోదు, రాసింది సర్వర్‌తో సరిపోతోందా అని బయటివాళ్లు తనిఖీ చేసే ఏర్పాటు కూడా ఉండాలి.

అవకాశాలు ప్రకటించినా కథ ఐపోదు అనడానికి గెన్షిన్ ఇంపాక్ట్ ఉంది. 2020 సెప్టెంబర్లో వచ్చిన ఈ గేమ్‌ని తెలుగు కుర్రాళ్లు కూడా బాగానే ఆడుతున్నారు. అందులో కొత్త క్యారెక్టర్లని లాటరీ లాగా తీస్తారు, ఒక్కసారి తీయడాన్ని పుల్ లేదా విష్ అంటారు, ఆ లాటరీ పేరు బ్యానర్. విష్ పేజీలో డీటెయిల్స్ నొక్కితే నంబర్లు ఉంటాయి, క్యారెక్టర్ బ్యానర్లో 5 స్టార్ (అన్నిటికంటే అరుదైన రకం) పడే అవకాశం 0.6 శాతం, గ్యారంటీతో కలిపి చూస్తే 1.6 శాతం, 90 పుల్స్‌లో తప్పక ఒకటి. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ప్లేయర్లు తమ విష్ హిస్టరీలు ఒకచోట పోగేసి చూస్తే 74వ పుల్ నుంచి అవకాశం ఒక్కో పుల్‌కి దాదాపు 6 శాతం చొప్పున పెరుగుతూ పోతోందని తేలింది, దీన్నే సాఫ్ట్ పిటీ అంటారు, ఆ పేజీలో దీని మాట లేదు. విశేషం ఏంటంటే ప్రకటించిన నంబర్లలోనే దీని జాడ ఉంది. 0.6 శాతం చివరిదాకా మారకుండా ఉండి 90వ పుల్‌లో గ్యారంటీ వస్తుంది అనుకుని లెక్కేస్తే సగటున దాదాపు 70 పుల్స్‌కి ఒక 5 స్టార్ పడాలి, అంటే 1.43 శాతం. కంపెనీ రాసింది 1.6, అంటే సగటున 62, 63 పుల్స్‌కి ఒకటి. ఆ తేడా ఎక్కడ్నుంచి వచ్చింది? మధ్యలో ఎక్కడో అవకాశం పెరుగుతోంది కాబట్టే. కాగితం మీద ఉన్న రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూస్తే దాచిన రూల్ నీడ కనిపిస్తది, అయితే అది చూడగలిగేది ప్రాబబిలిటీ లెక్కలు వచ్చినవాళ్లే. చేతిలో 20 పుల్స్ ఉన్న కుర్రాడు కౌంటర్ 60లో ఉన్నప్పుడు వాడాలా ఆగాలా అన్నది ఈ 74 అనే అంకె మీదే ఆధారపడి ఉంటది, ఒక్కోసారి జేబులో డబ్బు తియ్యాలా వద్దా అన్నది కూడా.

ఫైటింగ్ వైపు కూడా అదే కథ. ఒక స్కిల్ శత్రువుకి ఫైర్ అంటిస్తుంది అని రాసి ఉంటది, కానీ తగిలిన ప్రతి దెబ్బా అంటించదు, మామూలుగా 2.5 సెకన్లకి ఒకసారి లేదా ప్రతి మూడో దెబ్బకి మాత్రమే అంటించే ఒక లోపలి కూల్‌డౌన్ ఉంది, స్కిల్ వివరణలో ఇది రాయరు. షియాంగ్‌లింగ్ అనే క్యారెక్టర్ బర్స్ట్‌కి (పెద్ద స్కిల్‌కి) ఈ కూల్‌డౌన్ లేదు, అందుకే ఆమె తిప్పే ఆ మంట ప్రతి దెబ్బకీ పని చేస్తది. ఆమె గేమ్‌లో ఉచితంగా వచ్చే 4 స్టార్, స్కిల్ టెక్స్ట్ చదివితే అంత గొప్పగా అనిపించదు, మొదట్లో చాలామంది పక్కన పెట్టారు కూడా, ఈ లెక్క తెలిశాక ఆమె ఏళ్ల తరబడి టాప్ టీమ్స్‌లో ఉంది. డబ్బు పెట్టకుండా ఆడే ప్లేయర్‌కి అన్నిటికంటే పనికొచ్చే సంగతే గేమ్‌లో రాయలేదన్నమాట, అది తెలియనివాడు తన దగ్గరున్న మంచి క్యారెక్టర్‌ని వదిలేసి కొత్తదాని కోసం బ్యానర్ వైపు చూస్తాడు. గేమ్ టెక్స్ట్ ఎలాగూ తెలుగులో లేదు, అసలు ఏ భారతీయ భాషలోనూ లేదు, ఇక ప్లేయర్లు తీసిన లెక్కలు చూస్తే ఇంగ్లీష్, చైనీస్‌లో పేజీలకి పేజీలు. తెలుగులో వీటిని ఓపిగ్గా చెప్పేవాళ్లు చేస్తున్నది చాలా విలువైన పని.

2024 ఆగస్టులో 5.0 వెర్షన్‌తో క్యాప్చరింగ్ రేడియన్స్ అని కొత్త రూల్ తెచ్చారు. 5 స్టార్ పడినప్పుడు అది బ్యానర్లో కోరుకున్న క్యారెక్టరే అయ్యే అవకాశం మొత్తం మీద 55 శాతం అని ప్రకటించారు, అది ఎలా పని చేస్తదో, ఎప్పుడు తగులుతదో మాత్రం రాయలేదు. ప్రతిసారీ 55 శాతమా, లేక వరసగా ఓడిపోయినవాళ్లకి (కోరుకున్నది కాకుండా వేరే 5 స్టార్ పడినవాళ్లకి) ఎక్కువై సగటు మీద 55 అవుతుందా అన్నది రెండు పూర్తిగా వేరే విషయాలు, మూడుసార్లు ఓడిపోయి నాలుగోసారి డబ్బు పెట్టాలా అని ఆలోచించేవాడికి మొదటిదైతే ఒక జవాబు, రెండోదైతే ఇంకో జవాబు. ప్లేయర్లు పోగేసిన డేటా ఓటములు లెక్కపెట్టే కౌంటర్ లాంటిది ఉందనే వైపే చూపిస్తోంది. ఆ కౌంటర్ ఏ అంకె దగ్గర ఏం చేస్తుందో రాయడానికి డీటెయిల్స్ పేజీలో ఒక్క లైన్ చాలు.